మా బాపు ఎర్ర అంగీ

ఆ రోజుల్లో మా శంషాబాద్ చుట్టుపక్కల ఊళ్ళలో ఒకరిని చూసి ఒకరు కుళ్ళుకోవడానికి కొదవ ఉండేది కాదు. విమానాశ్రయం వచ్చిన కొత్త. రోడ్డుకు ఇవతల పొలం ఉన్నవాడు అవతల పొలం ఉన్నవాడిని చూసి, జల్‌పల్లిలో కిరాయికి ఉన్నవాడు బుద్వేల్‌లో సొంతిల్లు కట్టుకున్నవాడిని చూసి, ఆటోలో పోయేవాడు కారులో పోయేవాడిని చూసి నిట్టూర్చేవాడు. వీళ్ళందరూ కలిసి, నెత్తిమీదుగా ఎగిరిపోయే విమానంలో కిటికీ పక్కన కూర్చున్నవాడిని చూసి నిట్టూర్చేవారు (వాడు కనిపించడని తెలిసినా సరే). అయితే వాళ్ళ అసూయలన్నీ భూమి, ఇల్లు, బండి లాంటి అర్థమున్న వస్తువుల మీద. నేను మాత్రం ఇరవై రెండేళ్ళ వయసులో, నున్నగా గీసుకున్న మొహంతో, ఒక ముసలాయన తెల్లగడ్డాన్ని చూసి కుళ్ళిపోయాను. అన్నం సయించక, నిద్ర పట్టక, నిజంగా కుళ్ళిపోయాను.

డిగ్రీ ఎలాగో గట్టెక్కాక నాకు విమానాశ్రయానికి దగ్గరలో ఉన్న ఒక విల్లాల కాలనీ క్లబ్బులో ఉద్యోగం దొరికింది. విమానాల మరమ్మతు పనికీ, ఫ్యాక్టరీల పనికీ వచ్చిన విదేశీ కుటుంబాలు ఆ కాలనీలో ఎక్కువ. నా హోదా ఈవెంట్స్ అసిస్టెంట్. అమ్మ మాత్రం చుట్టాలందరికీ "మావోడు ఏర్‌పోర్ట్‌ల ఆఫీసరు" అని చెప్పింది. నేను చేసే పని పొద్దున కుర్చీలు వేయడం, సాయంత్రం కుర్చీలు తీయడం. నడుమ నడుమ బెలూన్లు ఊదడం. మా మేనేజరు గారిది గోదావరి వైపు. కోటు, టై లేకుండా ఆయనను చూసినవాడు లేడు. ఎంత కంగారులోనైనా "దయచేసి" అన్న మాట వదిలేవారు కాదు. "దయచేసి ఆ కుర్చీ మీద నుంచి లేవవయ్యా" అని నన్ను తిట్టేవారు.

ఆ క్లబ్బులో చేరాక నాకు అర్థమైన మొదటి సంగతి, ఆ విదేశీయులకు ఏడాది పొడుగునా పండుగలే. ఒకరోజు అందరూ ఆకుపచ్చ బట్టలు వేసుకొని పాటలు పాడతారు. ఇంకోరోజు తోటలో రంగులు వేసిన గుడ్లు దాచి పిల్లలచేత వెతికిస్తారు (దాచేవాడిని నేనే. ఎక్కడ దాచానో నేను మరిచిపోయినవాటి సంగతి తర్వాత వాసనే చెప్పేది). ఎండలు తగ్గాక చెంబంత గ్లాసులతో బీరు తాగే పండుగ. ఆ వెంటనే గుమ్మడికాయకు కళ్ళూ పళ్ళూ చెక్కి లోపల దీపం పెట్టే పండుగ. ఒక్కో దేశం వాళ్ళు వాళ్ళ పండుగ తెచ్చుకుంటే మిగతా దేశాల వాళ్ళందరూ అందులో దూరిపోయేవారు. మా నేల మీద ఉండి మాకంటే ఎక్కువ పండుగలు చేసుకుంటుంటే కన్ను కుట్టదా? నాకు కుట్టింది. కానీ అది చిన్న కుట్టు. అసలు కుట్టు డిసెంబర్ కోసం ఆగి ఉంది.

వాళ్ళ పండుగలన్నిటికీ పెద్దది డిసెంబర్‌లో జరిగే క్రిస్మస్ సంత. నేను చేరేసరికి ఆ ఏటిది అయిపోయింది. నాకు మిగిలింది ఆఫీసు గోడ మీది ఒక్క ఫొటో. అందులో ఎర్ర మఖమల్ అంగీ తొడుక్కొని, పొట్ట మీద చేతులు పెట్టుకొని నవ్వుతున్న ఒక పెద్దాయన ఉన్నాడు. విమానాల ఇంజన్లు బాగుచేసే ఇంజనీరు. మంచు కురిసే దేశం నుంచి వచ్చాడు. ఆయన గడ్డం అసలుది. తెల్లగా, దూదేకులవాడు అప్పుడే ఏకి పెట్టిన దూదిలా ఉండేది. కాలనీలో పనిచేసే మేమంతా ఆయనకు గడ్డం దొర అని పేరు పెట్టుకున్నాం. ఏటేటా ఆ సంతకు క్రిస్మస్ తాత ఆయనే.

ఇక్కడ మా ఇంటి సంగతి చెప్పాలి. కందుకూరు వెళ్ళే దారిలో లోపలికి ఉన్న ఊరు మాది. ఊళ్ళో మా క్రైస్తవ కుటుంబాలు కొన్ని, ఒక చిన్న చర్చి. అసలు క్రిస్మస్ నాడు ఎవరి చర్చిలో వాళ్ళకు పని ఉంటుంది కాబట్టి, చుట్టుపక్కల ఊళ్ళ వాళ్ళందరూ రావడానికి వీలుగా డిసెంబర్ మొదట్లోనే ఒక ఆదివారం సాయంత్రం సెమీ క్రిస్మస్ చేస్తాం. ఆ సాయంత్రం కోసం మా ఊరు ఏడాదంతా ఎదురుచూసేది. వాక్యం కోసమని మా చర్చి పాస్టరు అయ్యగారు అనుకునేవారు, బిర్యానీ కోసమని వంటవాళ్ళు అనుకునేవారు. నిజానికి జనం ఎదురుచూసేది మా బాపు కోసం.

బాపు మామూలుగా నోరు విప్పని మనిషి. కౌలుకు తీసుకున్న చెలకలో కూరగాయలు పండించేవాడు. నలుగురిలో నిలబడితే ఎవరికైనా అడ్డంగా ఉన్నానేమోనని పక్కకు జరిగే రకం. కానీ సెమీ క్రిస్మస్ నాడు, ఎప్పుడో కిటికీ పరదాల కోసం కొన్న ఎర్ర సాటిన్ గుడ్డతో అమ్మ కుట్టిన అంగీ, లాగూ తొడుక్కొని, గులాబీ బుగ్గల ప్లాస్టిక్ మాస్కు పెట్టుకున్నాడంటే ఆ మనిషి వేరు. బ్యాండువాళ్ళు తీన్మార్ అందుకోగానే చర్చి వెనక నుంచి ఎగురుకుంటూ వచ్చేవాడు. ఒక కాలు మీద గిర్రున తిరిగేవాడు. సంచిలోంచి చాక్లెట్లు గుప్పెళ్ళతో తీసి వడగళ్ళవానలా జనం మీద విసిరేవాడు. పిల్లలతో పాటు పెద్దలు కూడా చాక్లెట్ల కోసం నేల మీద దేవులాడేవారు. మాస్కు లోపల ఉన్నది ఎవరో తెలియని పసివాడు కూడా మా ఊళ్ళో లేడు. అయినా అందరూ "తాతొచ్చిండు, తాతొచ్చిండు" అని అరిచేవారు. ఆ ఒక్క సాయంత్రం మా బాపు ఎవరికీ పక్కకు జరిగేవాడు కాదు.

ఆ అంగీ నా తర్వాత నీకేనని బాపు నాకు చిన్నప్పుడే మాటిచ్చాడు. మీసం మొలిచాక అడిగితే "వచ్చే ఏడు" అన్నాడు. ఆ వచ్చే ఏడు అడిగితే మళ్ళీ "వచ్చే ఏడు" అన్నాడు. నేను ఉద్యోగంలో చేరిన ఏడాది వానల్లో బాపు చెలక గట్టు మీద జారి పడ్డాడు. "మోకాళ్ళు అరిగినయి, ఇగ ఎగురుడు దుంకుడు బంద్" అని దవాఖానలో చెప్పారు. బాపు కోసం నేను బాధపడ్డ మాట నిజం. ఆ రాత్రే అద్దం ముందు తీన్మార్ మొదలుపెట్టిన మాట కూడా నిజం. పీటల మీద పెళ్ళికొడుకు కూడా అంత కంగారుపడి ఉండడు. పొద్దున, మాపున, బాపు చెలకకు పోయినప్పుడు, అమ్మ నీళ్ళకు పోయినప్పుడు ఒకటే ఎగురుడు.

ఈ సంబరంలో ఉన్నవాడిని కుదురుగా ఉండకుండా, గడ్డం దొర దగ్గర గొప్పలకు పోయాను. "మా ఊళ్ళో కూడా క్రిస్మస్ చేస్తాం సార్. మీ సంత దాని ముందు ఎందుకూ పనికిరాదు" అన్నాను. ఆయన నొచ్చుకోకపోగా, ఆ ఆదివారమే నా స్కూటర్ వెనక కూర్చొని మా చర్చికి వచ్చేశాడు. చెప్పులు గుమ్మం దగ్గర విడిచి, చాప మీద మఠం వేసుకొని కూర్చున్నాడు. ఆరాధన అయ్యాక అందరికీ చేతులు జోడించి "వన్దనాలూ" అన్నాడు. అంతే, సంఘమంతా కరిగి నీరైపోయింది. మా ఇంట్లో నేల మీద కూర్చొని పప్పూ అన్నం మూడుసార్లు వడ్డించుకున్నాడు. "అమ్మా, పప్పు మస్తు మంచిగున్నది" అన్నాడు. అమ్మ కళ్ళు తుడుచుకుంది.

నేను పుట్టిన నాటి నుంచీ తెలుగే మాట్లాడుతున్నాను. "ఎంత ముద్దుగ మాట్లాడుతున్నవ్ బిడ్డా" అని ఒక్కరు అన్న పాపాన పోలేదు. ఇరవై రెండేళ్ళుగా ఆ పప్పే తింటున్నాను, అమ్మ కళ్ళు తుడుచుకోలేదు. పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అన్నారా? ఇంకా బాధేమిటంటే, ఆయనలో వంక పెట్టడానికి నాకు ఏమీ దొరకలేదు. పిలవకముందే పలికేవాడు, అడగకముందే సాయం చేసేవాడు. అసూయపడేవాడికి అవతలివాడు మంచివాడు కావడం కంటే పెద్ద కష్టం ఉండదు.

ఆయన రెండోసారి వచ్చివెళ్ళిన వారంలో సంఘ పెద్దలు కూర్చున్నారు. నేను డ్యూటీలో ఉన్నాను. ఇంటికి వచ్చేసరికి అమ్మ ఎర్ర అంగీని ఒళ్ళో పెట్టుకొని కుట్లు విప్పుతోంది. నాకోసం సరిచేస్తోందనుకొని గుండె ఉప్పొంగి, "నాకు సరిగ్గనే ఉంటది గదమ్మా, ఎందుకు ఇప్పుతున్నవ్?" అన్నాను.

"నీకు గాదు బిడ్డా. గడ్డం దొరకు. ఈ ఏడు తాత ఆయననే పెడదామనుకున్నరట. ఆయన నడుముకు గీ గుడ్డ యాడ సాలుతది? నా పాత ఎర్ర లంగ చింపి రెండు దిక్కుల అతుకేస్తున్న" అంది అమ్మ.

"ఎవరన్నరు గా మాట? ముందుగాల ఎవరు లేపిండ్రు?"

"ఏమో, ఎవరో అన్నరట. అసలైన గడ్డముండంగ మాస్కెందుకు అన్నరట. అందరు ఒప్పుకున్నరట" అంది. బాపు మూల మంచం మీద కూర్చొని మోకాళ్ళకు కర్పూరం నూనె రాసుకుంటున్నాడు. "బాపూ, నువ్వేమన్నవ్?" అని అడిగితే, "నేనేమంట? సంఘం మాట" అని నూనె రాసుకోవడంలో మునిగిపోయాడు. ఆ రోజు ఆయన ఒకే మోకాలికి ఎంతసేపు నూనె రాశాడో నేను గమనించి ఉంటే బాగుండేది.

పుండు మీద కారం ఏమిటంటే, ఆ కబురు దొరకు చెప్పే పని నాకే పడింది. మరుసటి ఆదివారం అయ్యగారు దొరను ముందు కూర్చోబెట్టుకొని, "చెప్పు బిడ్డా, మన సెమీ క్రిస్మస్‌కు తాతగ రావాల్నని అడుగు" అన్నారు. ఊళ్ళో ఇంగ్లీషు వచ్చినవాడిని నేనొక్కడినే అయ్యాను మరి. అయ్యగారు చెప్పింది ఒక్క ముక్క. నేను చెప్పినది పది ముక్కలు. దుమ్ము చాలా ఉంటుందన్నాను. దోమలు ఉంటాయన్నాను. ఆ మైకు సౌండుకు వచ్చే ఏటి దాకా చెవులు వినిపించవన్నాను. ఆయన కళ్ళు పెద్దవి చేసుకొని, రెండు చేతులూ గుండె మీద పెట్టుకొని, తప్పకుండా వస్తానన్నాడు. "ఆయన ఏమన్నడు బిడ్డా?" అని అయ్యగారు అడిగారు. "వస్తడట" అన్నాను.

ఇక్కడ కథ ఇంకో మలుపు తిరిగింది. మా సెమీ క్రిస్మస్ పెట్టుకున్న ఆదివారం సాయంత్రమే క్లబ్బులో క్రిస్మస్ సంత. దొర లేకపోతే అక్కడ తాత ఎవరు? "ఏటా నేనే కదా, ఈసారి ఈ కుర్రవాడికి ఇవ్వండి. వీళ్ళ కుటుంబంలోనే ఉందట ఆ విద్య" అని దొర నా పేరు చెప్పాడు (ఇంతకంటే మంచివాడు ఉంటాడా చెప్పండి, నాకు ఒళ్ళు మండిపోయింది). మేనేజరు గారు నన్ను పిలిచి ఎగాదిగా చూశారు.

"నువ్వు క్రిస్టియనేగా? దయచేసి నిజం చెప్పు. క్రిస్మస్ తాత ఏం చేస్తాడో నీకు తెలుసా?"

"తెలుసు సార్. పుట్టినప్పటి సంది చూస్తున్న."

"మరి ఏర్పాట్లు?"

"అన్నీ నేను చూసుకుంట సార్."

ఆయన తాత వేరు, నా తాత వేరు అన్న అనుమానం ఇద్దరిలో ఎవరికీ రాలేదు. నాకు తెలిసిన క్రిస్మస్ తాత మా బాపు ఒక్కడే. బాపు ఎలా చేస్తే తాత అలాగే చేస్తాడు. కాకపోతే నా లోపల ఇంకొక మంట కూడా ఉంది. మా ఊళ్ళో దొర ఎలాగూ ఎగరలేడు. ఇక్కడ నేను ఎగిరే ఎగురుడు చూసి ఈ విదేశాల వాళ్ళు నోరు వెళ్ళబెట్టాలి, ఆ ముచ్చట మా ఊరి దాకా రావాలి, సంఘ పెద్దలు నాలుక కరుచుకోవాలి. ఈ పట్టుదలతో జల్‌పల్లికి పోయి, పెళ్ళిళ్ళలో వాయించే బ్యాండు కుర్రాళ్ళను మాట్లాడుకున్నాను. రెండు సంచుల చాక్లెట్లు తెచ్చాను. మెత్తటివి దూరం పోవని, విసరడానికి అనువుగా గట్టివే ఏరి తెచ్చాను.

సంత రోజు సాయంత్రం లాన్ చూస్తే కళ్ళు తిప్పుకోలేం. చెట్లకు సన్నటి దీపాలు, అల్లం రొట్టెలతో కట్టిన బొమ్మరిళ్ళు, పెద్ద గిన్నెలో మసాలాలు వేసి మరిగిస్తున్న ద్రాక్షరసం. వేదిక మీద పిల్లలు కొవ్వొత్తులు పట్టుకొని, గాలికి కూడా నొప్పి కలగనంత మెల్లగా పాడుతున్నారు. పక్కనే ఎర్ర గుడ్డ కప్పిన ఒక పెద్ద కుర్చీ. ఆ కుర్చీ వేసింది నేనే. ముఖ్య అతిథి కోసమనుకున్నాను. మన వైపు వేదిక మీద ఎర్ర గుడ్డ కప్పిన కుర్చీ ఒక్కటే ఉందంటే అందులో కూర్చునేది ఇంకెవరు? పాపం ముఖ్య అతిథి ఇంకా రాలేదనుకున్నాను.

దొర మఖమల్ అంగీలో నాలాంటివాళ్ళు ఇద్దరు పడతారు. పొట్టకు దిండు కట్టుకొని, ఊరి నుంచి తెచ్చుకున్న బాపు మాస్కు పెట్టుకొని వంటగది వెనక నిలబడ్డాను. పిల్లల పాట ముగిసింది. అందరూ నిశ్శబ్దంగా చూస్తున్నారు. నేను చేయి ఊపాను. జల్‌పల్లి బ్యాండు తీన్మార్ అందుకుంది.

తర్వాత జరిగింది నాకు మాస్కు కంతల్లోంచి కనిపించినంత మటుకే చెప్పగలను. ఒకావిడ చేతిలోని కప్పు ఎగిరిపోయింది. ఒకాయన భార్యను, పిల్లలను రెండు రెక్కల కిందా పొదువుకున్నాడు. నేను గిర్రున తిరుగుతూ లాన్ మధ్యకు వచ్చి గుప్పెడు చాక్లెట్లు విసిరాను. మా ఊళ్ళో అయితే జనం చేతులు చాస్తారు. వీళ్ళు తలలు దాచుకున్నారు. ఒక పెద్దావిడ రొట్టెల ట్రేను గొడుగులా నెత్తి మీద పట్టుకుంది. ఒక బొమ్మరింటి కప్పు కూలింది. ద్రాక్షరసం గిన్నెలో టపటపా ఏవో పడ్డాయి. ఎగిరే ఊపులో దిండు జారి వీపు మీదికి పోయింది. పొట్ట లేని, గూని ఉన్న తాతనయ్యాను. అయినా ఆగలేదు. మా బాపు ఎప్పుడైనా ఆగాడా?

ఎగురుతూ ఎగురుతూ వేదిక దగ్గరికి వచ్చేసరికి, మేనేజరు గారు మొహం పాలిపోయి, రెండు చేతులూ ఆడిస్తూ కుర్చీ వైపు చూపిస్తున్నారు. "దయచేసి... కుర్చీ... దయచేసి..." అంటున్నారు. నాకు లైటు వెలిగింది. ముఖ్య అతిథి ఈయనే! మొహమాటపడుతున్నాడు! తాత చేయి పట్టుకొని కూర్చోబెట్టడం మర్యాద కదా. ఆయనను రెండు భుజాలూ పట్టుకొని, తాళానికి తగ్గట్టు మూడుసార్లు ఊపి, ఆ ఎర్ర కుర్చీలో కూలేశాను. అంతవరకూ బిక్కచచ్చి చూస్తున్న పిల్లల్లో ఒక పాప, ఏ దేశంలోనైనా ఆ కుర్చీలో కూర్చున్నవాడే తాత అనే నమ్మకంతో కాబోలు, తిన్నగా వెళ్ళి మేనేజరు గారి ఒళ్ళో ఎక్కి కూర్చుంది. ఆయన చెవిలో తనకు ఒక పొట్టి గుర్రం కావాలని చెప్పింది. వెనక ఇంకో పిల్లవాడు నిలబడ్డాడు. వాడి వెనక ఇంకొకడు. కోటూ టైతో, ఒళ్ళో పిల్లతో, మేనేజరు గారు "తప్పకుండా, దయచేసి ఇంటి అడ్రసు చెప్పండి" అంటున్నారు.

అప్పుడు తెలిసింది నాకు, ఆ కుర్చీ ఎవరిదో. ఉద్యోగం పోయిందనుకున్నాను. బ్యాండు వాళ్ళను ఆపమని చేయెత్తాను. చాక్లెట్లు ఏరుకోవడం మొదలుపెట్టిన పిల్లలు నేను ఇంకో గుప్పెడు విసరబోతున్నాననుకొని కేరింతలు కొడుతూ నా మీదికి ఉరికారు. వాళ్ళ వెనక, సంత కమిటీకి పెద్ద అయిన ఎర్రజుట్టు మేడం బూట్లు చేతిలో పట్టుకొని గడ్డి మీద ఎగరడం మొదలుపెట్టింది. ఇక ఆపింది ఎవరు?

ఆ గెలుపు మా ఊరికి చెప్పాలి కదా. సంత ముగుస్తుండగానే దిండు కూడా విప్పకుండా స్కూటర్ ఎక్కి ఊరికి ఉరికాను. మా చర్చి దగ్గర దొర ఒక్క అడుగు వేయలేక నవ్వులపాలై ఉంటాడని, జనం నా కోసం తపించిపోతుంటారని నా ఊహ. తీరా వెళ్ళేసరికి బ్యాండు చప్పుడే లేదు. రేషన్ షాపు ముందున్నట్టు ఊరు ఊరంతా వరుసలో నిలబడి ఉంది. వరుస మొదట్లో, అయ్యగారి కుర్చీలో, అమ్మ ఎర్ర లంగా అతుకులు రెండు పక్కలా మెరుస్తుండగా, గడ్డం దొర కూర్చున్నాడు. ఒక్కో పిల్లను దగ్గరికి తీసుకొని, "నీకేం కావాలె?" అని అడుగుతున్నాడు. ఆ రెండు మాటలూ ఎవరో నేర్పించారు.

మా ఊళ్ళో తాత ఇచ్చేవాడే గానీ అడిగేవాడు కాదు. ఏం కావాలని తమను ఎవరైనా అడుగుతారని ఆ పిల్లలకు తెలియనే తెలియదు. మొదట సిగ్గుపడి పారిపోయారట. తర్వాత ఒకడు బ్యాటు అన్నాడట. ఒకతి వాళ్ళ మేకపిల్ల బతకాలందట. ఇక పెద్దవాళ్ళు కూడా వరుసలో దూరారు. వరుస చివర, అందరికీ దారి ఇచ్చి ఇచ్చి వెనకబడ్డ మా బాపు ఉన్నాడు. ఆయన వంతు వచ్చింది. దొర చెవి దగ్గర నోరు పెట్టి చాలాసేపు మాట్లాడాడు. నాతో ఏడాదంతా కలిపినా అన్ని మాటలు మాట్లాడి ఉండడు. దొర ఆయన చేయి పట్టుకొని తల ఊపుతున్నాడు. నా గెలుపంతా అక్కడే చల్లారిపోయింది. గడ్డం పోతే పోయింది, పప్పు పోతే పోయింది, అంగీ పోతే పోయింది. మా బాపు మనసులో మాట కూడా ఆయనకేనా?

"సార్, మా బాపు ఏమడిగాడు?" అని మర్నాడు దొరను నిలదీశాను. తాతకు చెప్పింది తాత బయట పెట్టకూడదని నవ్వేశాడు. బాపును అడిగితే "చెప్పొద్దట" అని తప్పించుకున్నాడు. ఏడాది పాటు ఆ మంట నన్ను వదల్లేదు. ఏడాది తిరిగేలోపు దొర ఉద్యోగం గడువు ముగిసింది. నేనే విమానాశ్రయం దాకా సాగనంపాను. లోపలికి పోతూ "అమ్మకు చెప్పు, పప్పు" అన్నాడు, అంతకు మించి తెలుగు రాక. నేను ఏడ్చానని ఎవరైనా అంటే నమ్మకండి, ఆ రోజు దుమ్ము ఎక్కువగా ఉంది.

మళ్ళీ డిసెంబర్ వచ్చింది. ఒక సాయంత్రం బాపు పెట్టెలోంచి ఎర్ర అంగీ తీసి, దులిపి, నా చేతిలో పెట్టాడు. పెట్టాడు గానీ ఒక చెయ్యి మాత్రం వదల్లేదు.

"నిరుడు దొరను పెడదామన్నది నేనేరా" అన్నాడు.

"నువ్వా?"

"అవ్. సంఘంల ఫస్టు లేపింది నేనే. నువ్వు అద్దం ముందట ఎగురుతుంటే తలుపు సందులకెల్లి చూసిన. మంచిగ ఎగురుతున్నవ్. నాకన్న మంచిగ ఎగురుతున్నవ్. గదే నాకు పానం మీదికి వచ్చింది. దొర అయితే ఒక్క ఏడు వచ్చి పోతడు, అంగీ మల్ల మనింటికొస్తది, నా మోకాళ్ళు జర మంచిగైతే నేనే ఏసుకోవచ్చు. నీకిస్తే ఇగ నాకు వస్తదారా?"

ఏడాది పాటు అమ్మ మీద, అయ్యగారి మీద, ఆ తెల్లగడ్డం మీద కుళ్ళుకున్న నేను అంగీ ఒక కొస పట్టుకొని అలాగే నిలబడిపోయాను. నాకు కుళ్ళు ఎక్కడి నుంచి వచ్చిందా అని అప్పుడప్పుడూ అనుకునేవాడిని. పక్కనే మంచం మీద కూర్చొని నూనె రాసుకుంటోందని అప్పుడు తెలిసింది.

"మరి దొర చెవుల ఏమడిగినవ్ బాపూ?"

"ఇంకొక్క ఏటికి మోకాళ్ళియ్యుమన్న."

"దొర ఏమన్నడు?"

"సరే సరే అన్నడు. ఇంకేమంటడు, ఆయనకు వచ్చిన తెలుగంత గంతే" అని, బాపు అంగీ వదిలేశాడు.

ఇదంతా జరిగి చాలా ఏళ్ళయింది. క్లబ్బులో నా ఉద్యోగం పోలేదు. ఆ మరుసటి ఏడు సంతకు ముందే కమిటీ వాళ్ళు "ఆ బ్యాండు మళ్ళీ వస్తుందా?" అని అడిగారు. ఇప్పుడు అక్కడ దేశాలు మారాయి, మనుషులు మారారు, తీన్మార్ మాత్రం ఏటేటా ఉంటుంది. రిటైరయ్యేదాకా మేనేజరు గారు ఆ కుర్చీ వైపు పోకుండా జాగ్రత్తపడ్డారు. మా ఊళ్ళో తాత ఎగరడం అయ్యాక కుర్చీలో కూర్చొని, "నీకేం కావాలె?" అని ఒక్కొక్కరినీ అడుగుతాడు. ఆ తాతను నేనే. బాపు ముందు వరుసలో కూర్చొని, "గిదొక ఎగురుడా?" అని పక్కవాళ్ళతో అంటాడు. నాకు వినబడేలాగే అంటాడు.

అయితే ఈ మధ్య మా అక్క కొడుకు ఒకడు తయారయ్యాడు. డిగ్రీ చదువుతున్నాడు. "మామా, ఈ ఏడు అంగీ నాకియ్యవా?" అని పండక్కి ముందే మొదలుపెట్టాడు. వచ్చే ఏడు చూద్దాం లేరా అన్నాను. మొన్న వాళ్ళింటికి పోతే, గదిలో తలుపు వేసుకొని అద్దం ముందు ఎగురుతున్నాడు. తలుపు సందులోంచి చూశాను. చాలా బాగా ఎగురుతున్నాడు. మెట్లు దిగుతుంటే నా మోకాలు కటుక్కుమంది.

నిన్ననే కాలనీలో కొత్తగా ఒక కుటుంబం దిగింది. ఇంటాయనకు ఛాతీ దాకా తెల్లటి గడ్డం. సామాను ఇంకా లారీలోంచి దింపనే లేదు. నేను పరుగున వెళ్ళి ఆయన చేయి పట్టుకొని ఊపుతూ, "సార్, డిసెంబర్‌లో ఒక ఆదివారం ఖాళీ చేసుకుంటారా? మా ఊళ్ళో పప్పు చాలా బాగుంటుంది" అన్నాను.